భీమరాజుగారి మూడో జవాబు

కొత్తపేట చుట్టుపక్కల కొబ్బరికాయ కొనే వ్యాపారులు బోలెడుమంది ఉన్నారు గానీ, తగువొచ్చిందంటే ఆ ఊరి జనం వెతుక్కుంటూ వెళ్ళేది భీమరాజుగారి అరుగు మీదికే. ఆయన న్యాయం బాగా చెప్తారని కాదు. అసలు చెప్పరని.

తంతు ఎప్పుడూ ఒకటే. ముందు రెండు పక్షాలకీ చెరో బొండాం కొట్టించి చేతికిస్తారు. ఒకడు గోడు వెళ్ళబోసుకుంటున్నంతసేపూ కళ్ళు అరమూసుకుని "ఆయ్, ఆయ్" అంటారు. రెండోవాడు మొదలుపెట్టాక కూడా అంతే శ్రద్ధగా "ఆయ్, ఆయ్" అంటారు. చివర్న కండువా దులిపి భుజాన వేసుకుని, "చూద్దాం లెండి, ఊడ్పులవనీండి" అంటారు. ఊడ్పులయ్యాక వెళ్తే కోతలవనీమంటారు. కోతలయ్యేసరికి మూఢం వస్తుంది. మూఢంలో మంచి మాట ఎలా మాట్లాడతామండీ అంటారు. ఈలోగా రెండు పక్షాల్లో ఒకరు విసిగిపోతారు, లేకపోతే పోతారు. తగువు దానంతటదే చల్లారిపోతుంది. ఎవరూ ఓడిపోయినట్టుండదు. "ఎంత ఓర్పండీ మా రాజుగారికి!" అని ఊరంతా చెప్పుకుంటుంది.

ఆయన ఓర్పుకి ఇంకో కారణం ఉంది. ఆ ఊళ్ళో పాత కట్టుబాటు ఒకటి నడుస్తోంది. అరుగు మీద పెద్దమనిషి నోటివెంట వచ్చిన మాట నలుగురి చెవిన పడిందంటే అది తీర్పే. కాగితం అక్కర్లేదు, సంతకం అక్కర్లేదు. వెనక్కి తీసుకుంటే పెద్దరికం పోయినట్టే. అందుకని భీమరాజుగారు తీర్పులాంటి మాట పెదవి దాటకుండా ఇన్నేళ్ళూ చాలా జాగ్రత్తగా నెట్టుకొచ్చారు.

ఈ ఏడాది ఆయన అరుగు మీద నానుతున్నది చిన్నమ్మలు తగువు. చిన్నమ్మలు పూతరేకులు చేస్తుంది. మొగుడు అప్పన్న మస్కట్‌లో డ్రైవరు. కాలవ పక్కనున్న ఆవిడ ఇంటికి రోడ్డు మీంచి వెళ్ళే బండిదారి సూరిబాబు కొబ్బరితోట అంచునే పోతుంది. భీమరాజుగారి తాతగారి రోజుల్లోనే ఆ దారిన ఎడ్లబళ్ళు తిరిగాయి. సూరిబాబుకి మాత్రం ఒకరోజు పొద్దున్నే కాఫీ తాగుతుంటే ఆ దారి కూడా తనదేనని తోచింది. తోచిందే తడవు అడ్డంగా ముళ్ళ కంచె కట్టించేశాడు.

అప్పట్నించీ ఆటో ఇంటిదాకా రావడం ఆగిపోయింది. చిన్నమ్మలు పూతరేకుల పెట్టెలు నెత్తిన పెట్టుకుని కాలవ గట్టు మీద నడిచి రోడ్డెక్కాలి. వానల్లో ఆ గట్టు మీద ఉత్తి చేతుల్తో నిలబడటమే గగనం. పూతరేకు గట్టిగా ఊపిరి తగిలినా విరిగే సరుకాయె. కాలు జారి పెట్టెకి ఒక్క కుదుపు తగిలిందంటే లోపల పొడే మిగుల్తుంది. "ఇంకోసారి ఇలాంటి సరుకొస్తే నీ దగ్గర కొనడం మానేస్తానమ్మా" అని రాజమండ్రి షాపతను ఫోన్లో చెప్పేశాడు.

న్యాయం ఎటుందో ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుసు. భీమరాజుగారికి ఇంకా బాగా తెలుసు. కాకపోతే సూరిబాబు ఆయన భార్య కృష్ణవేణిగారికి చిన్నాన్న కొడుకు. ఆ తోటలో దిగిన కాయంతా కొనేది కూడా భీమరాజుగారే. బావమరిదిని కాదనడమూ కష్టమే, చిన్నమ్మలుని కాదనడమూ పాపమే. అంచేత ఆయన ఇద్దరికీ "ఆయ్" అని ఊరుకున్నారు.

చిన్నమ్మలు రోజూ వచ్చి అరుగు చివర కూర్చునేది. "ఊడుపులయిపోయేయండి రాజుగారూ" అని గుర్తుచేసేది.

"ఆయ్, చూద్దాం లేమ్మా. వినాయకచవితి వెళ్ళనీ" అనేవారాయన.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆయన వీడియోగేము ఆడటం మొదలుపెట్టారు.

ఆయన కూతురు దుర్గాశ్రీ హైదరాబాదు కంపెనీకి ఇంట్లోంచే పని చేస్తోంది. విదేశాల్లో తయారైన ఆటల్లోని మాటల్ని తెలుగులో పెట్టడం ఆ పిల్ల పని. అప్పుడు చేస్తున్న ఆట పేరు 'నీలిలంకల రాజ్యం'. మంత్రగత్తెలూ, రాక్షసులూ, మాట్లాడే చేపలూ అందులో లేనివి లేవు. తెలుగంతా పెట్టేశాక, ఎప్పుడూ ఆటలాడనివాళ్ళ చేత ఓసారి ఆడించి చూడాలంది కంపెనీ.

"నేనేంటమ్మా, ఈ వయసులో ఆటలేంటి?" అన్నారు భీమరాజుగారు.

"మీకు కష్టమేం లేదు నాన్నగారూ. ఇందులో మీరు మహారాజు పంపిన దూత. లంక లంకకీ వెళ్ళి అక్కడి తగువులు తీర్చాలి. ప్రతిచోటా మూడు జవాబులు వస్తాయి. మీరు నొక్కిన జవాబుని బట్టి కథ మారుతూ ఉంటుంది. మొదట్లో ఎక్కడో అన్న మాట చివర్లో ఎక్కడో తగుల్తుంది. ముగింపు ఎలా ఉన్నా అది మీరు చేసుకున్నదే."

"తగువులా?" అని ఆయన కుర్చీ ముందుకి లాక్కున్నారు.

వైఫై వీధిగదిలోనే బాగా అందుతుందని కంప్యూటరు అక్కడ పెట్టారు. ఆ గది కిటికీ అరుగు మీదికి తెరుచుకుంటుంది. చెవులకి హెడ్‌ఫోన్సు తగిలించారు. భీమరాజుగారికి పేపరైనా పంచాంగమైనా పైకి చదవడం అలవాటు. ఇప్పుడు చెవులు మూసుకుపోయాయి గనక తన గొంతు తనకే వినపడక, ఇంకో రెండింతలు గట్టిగా చదివేవారు.

"అంత అరవక్కర్లేదు నాన్నగారూ" అంది దుర్గాశ్రీ.

"ఏంటీ?" అని అరిచారాయన.

మొదటి లంకలోనే వంతెన మీద రాక్షసుడు అడ్డం నిలబడ్డాడు. కత్తి దూయాలా, దండం పెట్టి దారి అడగాలా, తర్వాత వస్తానని చెప్పాలా అని తెర మీద మూడు జవాబులొచ్చాయి. భీమరాజుగారు క్షణం ఆలోచించకుండా మూడోది నొక్కారు. ఆ తర్వాత హెడ్‌ఫోన్సు తీసి కూతుర్ని కోప్పడ్డారు. "అదేంటమ్మా, దూత అతన్ని పట్టుకుని నువ్వు అంటున్నాడు? రాక్షసుడైతే మాత్రం, వయసులో పెద్దాయన కదా. మీరు అని పెట్టు." దుర్గాశ్రీ నవ్వుకుని రాసుకుంది. ఇప్పటికీ ఆ ఆటలో రాక్షసులందరికీ మర్యాద బాగానే జరుగుతోంది.

అక్కణ్ణించి ఏ లంకకి వెళ్ళినా ఆయనది మూడో జవాబే. ఏదో ఒక రూపంలో ఆ జవాబు ప్రతిచోటా ఉండేది. ఇంకా విచారించాలి, రేపు మాట్లాడదాం, ఆలోచించి చెప్తాను. "చాలా పద్ధతైన ఆటమ్మా ఇది" అని మెచ్చుకున్నారు కూడా. రెండు పక్షాలకీ బొండాలిచ్చే సదుపాయం ఒక్కటే లేదని బాధపడ్డారు.

ఓ లంకలో మందాకులమ్ముకునే అవ్వ ఎదురైంది. ఏటికి వెళ్ళే దారికి ఇనుపదొర అనేవాడు అడ్డంగా కంచె కట్టాడట. ఏటి ఒడ్డున మొలిచే ఆకు కోసుకోలేక పస్తులుంటున్నానని అవ్వ మొరపెట్టుకుంది. భీమరాజుగారు మెల్లిగా హెడ్‌ఫోన్సు తీశారు.

"ఇది మన సూరిబాబు సంగతేనేమిటే?"

"ఈ కథ ఎక్కడో యూరప్‌లో రాశారు నాన్నగారూ. సూరిబాబు మావయ్యలాంటివాళ్ళు అక్కడ కూడా ఉంటారేమో" అంది దుర్గాశ్రీ, తెర మీంచి చూపు తిప్పకుండా.

భీమరాజుగారు సర్దుకుని కూర్చున్నారు. మూడోది నొక్కి, కిటికీ అదిరేలా చదివారు: "ఇంకా ఆలోచించి చెప్తాను!" కిటికీ అవతల అరుగు చివర కూర్చున్న చిన్నమ్మలు తలెత్తి చూసి మళ్ళీ దించుకుంది.

దొర ఒకవైపు, అవ్వ ఒకవైపు ఒత్తిడి చేసేసరికి ఆయనకి ఓ ఉపాయం తోచింది. దొర కోటకెళ్ళి "దారి మీదే" అని, అవ్వ గుడిసెకెళ్ళి "న్యాయం నీదే" అని ఎవరికి వాళ్ళకి చెవిలో చెప్పే వీలు కూడా ఆటలో ఉంది. ఊళ్ళో ఎన్నోసార్లు పనికొచ్చిన కిటుకే. రెండూ నొక్కేశారు. కానీ ఆ ఆటలో వాళ్ళకి జ్ఞాపకశక్తి జాస్తి. తర్వాత సంతలో దొర, అవ్వ ఎదురుపడి దూతగారు ఎవరితో ఏమన్నారో చెప్పేసుకున్నారు. "మర్యాద తెలీని మనుషులమ్మా వీళ్ళు" అని విసుక్కున్నారు భీమరాజుగారు.

చివరికి ముగింపొచ్చింది. నీలిలంకల్లో గొడవల్లేవు. ఎందుకంటే మనుషులు లేరు. వంతెన మీద రాక్షసుడు కూడా ఎదురుచూసి ఎదురుచూసి ఎటో వెళ్ళిపోయాడు. ఖాళీ సంతలో దూత ఒక్కడూ తీర్పు పీట మీద కూర్చున్నాడు. ఆఖరున మిగిలిన అవ్వ కూడా గుడిసెకి తాళం వేసి, మూట నెత్తినెత్తుకుని, దూత ముందు ఆగి చేతులు జోడించింది. "మీ ఓర్పుకి దండాలండీ. ఇంక మీకు శ్రమ ఉండదు" అని తాళంచెవి ఆయన ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయింది.

"చివరికి శాంతి వచ్చింది కదా. మంచి ముగింపే కదమ్మా?" అన్నారు భీమరాజుగారు. దుర్గాశ్రీ సంగతి కంపెనీకి రాసి పంపింది. వాళ్ళు ఆశ్చర్యపోయి ఫోను చేశారు. ఆ ముగింపు ఒకటుందని వాళ్ళకి తెలుసు గానీ, అందాకా వెళ్ళే ఓపిక ఇప్పటిదాకా ఎవరికీ లేకపోయిందట. భీమరాజుగారు ఆ మాట కొత్తపేట మార్కెట్లో కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నారు. ఆ ముగింపు సాధించింది ఇంతవరకూ తానొక్కణ్ణేనని పొంగిపోయారు.

భోజనానికి కూర్చున్నప్పుడు మాత్రం ముద్ద దిగలేదు. అవ్వ తన ఒళ్ళో పెట్టి వెళ్ళిన తాళంచెవి మాటిమాటికీ గుర్తొస్తోంది. తానేం తప్పు చేశాడని ఆవిడ అంత మాట అనాలి? ఎవర్నీ కొట్టలేదు, తిట్టలేదు.

"ఆటలో ముసలిదానికోసం అన్నం మానేస్తారేంటండీ" అంది కృష్ణవేణి. "బయట కూర్చునే ఆవిడ ఏం పాపం చేసింది?"

"చూద్దాం లేవే" అని చెయ్యి కడిగేసుకున్నారు.

మర్నాడు మళ్ళీ మొదట్నించి మొదలెట్టారు. ఈసారి ఆయన వేరే మనిషి. రాక్షసుణ్ణి మీరు అంటూనే గదమాయించారు. దొంగ మంత్రిని కొలువులోంచి గెంటించారు. మాట్లాడే చేపల పక్షాన నిలబడి జాలర్లని మందలించారు. తెర మీద ప్రజలు జేజేలు కొడుతుంటే ఆయన కుర్చీలో నిటారుగా కూర్చునేవారు. లేచి అరుగు మీదికొచ్చాక మాత్రం మళ్ళీ పాత భీమరాజుగారే. అక్కడ అన్యాయాన్ని చీల్చి చెండాడి వచ్చిన మనిషి ఇక్కడ చిన్నమ్మలుతో, "దసరా వెళ్ళనీమ్మా" అన్నారు.

దసరా వెళ్ళకముందే చిన్నమ్మలు ఓ మధ్యాహ్నం ఆటో ఏసుపాదాన్ని వెంటబెట్టుకుని వచ్చింది. షాపతను కొనడం మానేశాడు. జొన్నాడలో అక్క ఇంటి పక్కన గది చూసుకుంది. ఇంటి తాళంచెవి రాజుగారికి అప్పజెప్పి, రోడ్డు మీదికి చేర్చిన సామాను ఎక్కించుకుని పోదామని వచ్చింది. అరుగు మీద అప్పటికే కొబ్బరిచెట్లెక్కి దింపు తీసే సత్తియ్య కూర్చుని ఉన్నాడు, రేపు ఏ తోటలో ఎక్కాలో కనుక్కుందామని.

కృష్ణవేణి వీధిగది గుమ్మంలోకొచ్చి, "ఏమండీ, చిన్నమ్మలు వచ్చింది" అంది. భీమరాజుగారు చెయ్యి ఊపారు. ఆయనిప్పుడు మందాకుల అవ్వ లంకలో ఉన్నారు. కంచె ఎదురుగా దొర మీసం తిప్పుతున్నాడు, అవ్వ మూట కట్టుకుంటోంది. తెర మీద మళ్ళీ అవే మూడు జవాబులు. ఆయన చెయ్యి అలవాటుగా మూడోదాని మీదికి పోయింది. తాళంచెవి గుర్తొచ్చి ఆగింది. ఆఖరికి మొదటిది నొక్కి, ఇల్లంతా మారుమోగేలా చదివారు:

"దారి ఆవిడదే! కంచె పీకెయ్యండి! ఇది నా తీర్పు!"

ఆ తర్వాత ముగింపంతా తాపీగా చూశారు. జనం కంచె పీకారు, బూరలు ఊదారు, అవ్వ దూత తల నిమిరింది. భీమరాజుగారు కళ్ళు తుడుచుకున్నారు. ఈ సంతోషం ఎవరికైనా చెప్పుకోవాలని హెడ్‌ఫోన్సు తీసి అరుగు మీదికొచ్చారు. కృష్ణవేణి తప్ప అక్కడ ఎవరూ లేరు. అరుగు చివర తాళంచెవి ఒకటి పడి ఉంది.

"చిన్నమ్మలు ఏదే?"

"మీరు చెప్పేరు కదండీ, వెళ్ళింది."

"నేనేం చెప్పేను?"

"దారి ఆవిడదేనన్నారు, కంచె పీకెయ్యమన్నారు. సత్తియ్య కత్తి పట్టుకుని వెళ్ళేడు, వెనకే ఏసుపాదం వెళ్ళేడు."

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ, అది ఆటలో మాటే!"

"ఏమోనండీ" అంది కృష్ణవేణి. "అరుగు మీదికి వినపడింది. వాళ్ళు ముగ్గురూ, నేనూ. నలుగురం విన్నాం."

భీమరాజుగారు చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తారు. వెళ్ళేసరికి కంచె పక్కకి పడి ఉంది. చుట్టుపక్కల పొలాల్లోవాళ్ళు కూడా పోగయ్యారు. సూరిబాబు బుల్లెట్టు దిగుతున్నాడు.

"బావగారూ, మీరు తీర్పు చెప్పేరంటన్నారు వీళ్ళు. నాకు కబురైనా పెట్టకుండానా అండీ?"

అందరూ ఆయన మొహంకేసి చూశారు. భీమరాజుగారి కళ్ళముందు మూడు జవాబులు నిలబడ్డాయి. అన్నానని ఒప్పుకోవచ్చు. చూద్దాం లెండి అని దాటెయ్యొచ్చు. అది ఆటండీ, పొరపాటండీ అనొచ్చు. ఆ చివరిది పచ్చి నిజం కూడాను. ఎంచుకోవడానికి అంత హాయైన జవాబు జీవితంలో ఎప్పుడూ రాలేదు. ఆయన నోరు తెరిచారు.

"అదీ... మా అమ్మాయి ఆటలో..."

చిన్నమ్మలు దగ్గరికొచ్చింది. ముళ్ళు గీసుకుని చేతుల నిండా రక్తం చారలు. కొంగుతో తుడుచుకుంటూ ఆయనకి మాత్రమే వినపడేలా అంది.

"నాకు తెల్సండి రాజుగారూ. అది ఆటలో అవ్వకి చెప్పిన మాటేనండి. రోజూ అరుగు మీద కూర్చుని మీ ఆటంతా వింటానే ఉన్నాను కదండీ. ఆ అవ్వకైనా మీ నోట ఆ మాట వస్తాదో రాదో అని చూసేను. వచ్చింది. ఆవిడికొచ్చిన మాట ఓ ఘడియ వాడుకున్నానండి. కాదనండి, కంచె నేనే మళ్ళీ కట్టేసి పోతాను. తాళంచెవి మీ అరుగు మీదే ఉంది."

భీమరాజుగారికి సిగ్గేసింది. ఎంత సిగ్గేసిందంటే, సూరిబాబు భయం కాసేపు వెనక్కి పోయింది. ఆయన కండువా కోసం భుజం తడుముకున్నారు. కండువా ఇంట్లోనే ఉండిపోయింది.

"అన్నాను సూరిబాబూ" అన్నారు. ఆటలో అరిచినంత గొంతు కాదు. వెనకనున్నవాళ్ళకి సరిగ్గా వినపడలేదు కూడా. అందుకని మళ్ళీ చెప్పాల్సొచ్చింది. "దారి ఆవిడదే. మా తాతగారి బళ్ళు కూడా ఇటే తిరిగేయి."

బూరలు ఊదలేదు, జేజేలు కొట్టలేదు. ఎవరో దగ్గారు. సూరిబాబు మళ్ళీ బుల్లెట్టు వైపు తిరిగి, "ఆయ్, అలాగేనండి బావగారూ. కాయ సంగతి ఇంక వేరేవాళ్ళతో మాట్లాడుకుంటాను" అని ఎంతో మర్యాదగా బండెక్కి వెళ్ళిపోయాడు. భీమరాజుగారు అక్కడే గట్టు మీద కూర్చుండిపోయారు. వెనక్కెళ్ళి ఇంకోలా నొక్కి చూసే వీల్లేదు కదా అని దిగులేసింది.

ఆ సాయంత్రం దుర్గాశ్రీ, "రెండోసారి ఏ ముగింపొచ్చింది నాన్నగారూ? కంపెనీకి చెప్పాలి" అంది.

"ఇంకా రాలేదమ్మా" అన్నారాయన.

ఇప్పుడు ఏసుపాదం ఆటో చిన్నమ్మలు ఇంటి వాకిట్లోదాకా వెళ్ళొస్తోంది. రాజమండ్రి షాపతను మళ్ళీ సరుకు తీసుకుంటున్నాడు. పోతూ పోతూ ఆటో భీమరాజుగారి ఇంటిముందు ఆగుతుంది. చిన్నమ్మలు ఓ పొట్లం అరుగు మీద పెట్టి వెళ్తుంది. ఆయన పొట్లం విప్పి, ఒక్కో పూతరేకూ ఎత్తి, ఎక్కడా విరగలేదు కదా అని చూసుకుని మరీ తింటారు.

అరుగు మీద మాత్రం సందడి లేదు. తగువులన్నీ పక్కవీధిలో పింఛను పుచ్చుకునే మాస్టారి అరుగు మీదికి మళ్ళాయి. మాస్టారు సంక్రాంతి వెళ్ళనీండి అంటున్నారట. ఓ రోజు భీమరాజుగారు పొద్దున్నించీ ఎదురుచూసి, కొట్టించి ఉంచిన రెండు బొండాలూ వేడెక్కిపోతుంటే, అటుగా వెళ్తున్న సత్తియ్యని కేకేశారు.

"ఏరా సత్తియ్యా, ఈమధ్య మన దగ్గరికి ఒక్కడూ రావట్లేదేంటి?"

సత్తియ్య తలపాగా తీసి చేత్తో పట్టుకుని కాస్త నసిగాడు.

"ఏం లేదండీ, భయపడతన్నారండి. మీ దగ్గరికొస్తే తేల్చేత్తారంటండి."

భీమరాజుగారు ఒక బొండాం అతని చేతికిచ్చారు. రెండోది తనే తాగారు.